బార్నకిళ్లు: రాతిమీద బ్రతుకు, దాని ఎల్లలు

పొలంలో నాటిన మిరప మొక్క నాటిన చోటనే పెరగవలె. ఎండ మితిమీరినా, పక్క మొక్క నీడ కమ్మినా, పురుగు పట్టినా అది లేచి మరొక చోటికి పోజాలదు. కదలకుండా ఉండడం మొక్కకు సహజమనీ, కదలడం జంతువు లక్షణమనీ విద్యార్థులు చిన్న తరగతులలోనే నేర్చుకుంటారు. ఐతే పెరిగి పెద్దదైన తరువాత జీవితమంతా ఒకే చోట అతుక్కొని, మొక్కవలె బ్రతికే జంతువులు సముద్రంలో అనేకం ఉన్నవి. అటువంటి వాటిలో బార్నకిల్ ఒకటి. అది కదలదు కనుక దానిని గుర్తుపెట్టి లెక్కించవచ్చు. నెల తరువాత వచ్చి అదే చోట అదే ప్రాణి బ్రతికి ఉన్నదో, చనిపోయినదో చూడవచ్చు. ఒక ప్రాణి ఎక్కడ బ్రతకగలదు, దాని సంఖ్య ఎక్కడ ఆగిపోతుంది, ఆపేది ఏది అనే ప్రశ్నలకు జీవావరణ శాస్త్రంలో కొన్ని స్పష్టమైన సమాధానాలు ఈ చిన్న ప్రాణి వల్లనే లభించినవి.

విత్తనం ఉన్నది, చోటు లేదు

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాలు తూర్పున సముద్రం వైపు పోగా పోగా నల్లరేగడి తగ్గి, ఇసుక నేలలుగా మారుతాయి. నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తీరాలు ఇటువంటివి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత వీటిలో మొదటి మూడూ బాపట్ల జిల్లాలోకి వచ్చినవి. ఈ తీరాలలో అలల అంచున ఎంత వెదికినా ఇసుకమీద బార్నకిల్ కనిపించదు. ప్రతి అలకూ ఇసుక రేణువులు దొర్లుతూనే ఉంటాయి. జీవితాంతం అతుక్కొని ఉండవలసిన ప్రాణికి అక్కడ పునాది దొరకదు.

అంతమాత్రాన ఆ నీటిలో బార్నకిళ్లు లేవని అనుకోరాదు. చాలా కాలం నీటిలో నిలిచిన మరపడవ అడుగు భాగాన్ని చూస్తే, తెల్లని గరుకు గుల్లలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఉప్పుటేరులో పాతిన గుంజలమీద, కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ చెట్ల మొదళ్ల మీద అవి పెరుగుతాయి. గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరానికి వచ్చే సముద్రపు తాబేళ్ల వీపు డిప్పమీద కూడ ఒక జాతి బార్నకిల్ కాపురముంటుంది. రైతు మాటలలో చెప్పవలెనంటే, సముద్రంలో విత్తనానికి కొరత లేదు. అది నాటుకొనే నేలకే కొరత.

ఆంధ్ర తీరంలో ఇటువంటి గట్టి నేల సహజంగా లభించే చోటు విశాఖపట్నం, భీమునిపట్నం ప్రాంతం. అక్కడ తూర్పు కనుమల కొండరాళ్లు సముద్రంలోకి చొచ్చుకొని వచ్చినవి. కనుక రాతి తీరపు జీవుల అధ్యయనం మన రాష్ట్రంలో అక్కడనే సాగినది. 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు విశాఖ రేవులో ఓడలకు అంటుకొనే ప్రాణులను, కొయ్యను తొలిచే ప్రాణులను పరిశీలించారు. అలా అంటుకొనే ప్రాణులలో బార్నకిళ్లు ప్రధానమైనవి.

గుల్లలో దాగిన రొయ్య చుట్టం

పైకి చూస్తే బార్నకిల్ ఒక చిన్న సున్నపు గోపురంవలె ఉంటుంది. గోపురం శిఖరాన రంధ్రం, దానికి తలుపులవంటి పలకలు ఉంటాయి. ఈ గుల్లను చూసి పూర్వం ప్రకృతి శాస్త్రజ్ఞులు దీనిని నత్తలు, ఆలుచిప్పల వర్గంలో చేర్చారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే, ఐర్లండులో పనిచేసిన పరిశోధకుడు దీని పిల్లను గమనించి, అది కాళ్లుగల ఈదే జీవి అనీ, తరువాత రూపం మార్చుకొని గుల్ల కట్టుకుంటుందనీ ప్రకటించాడు. దానితో బార్నకిల్ రొయ్యలు, పీతల వర్గమైన క్రస్టేషియాకు చెందినదని తేలినది. చార్లెస్ డార్విన్ 1846 నుండి 1854 వరకు ఎనిమిది సంవత్సరాలు బార్నకిళ్లనే పరిశీలించి పెద్ద గ్రంథాలు వ్రాశాడు.

నీరు మీదికి వచ్చినప్పుడు పలకలు తెరుచుకుంటాయి. లోపలి నుండి ఆరు జతల కాళ్లు బయటకు చాచుకుంటాయి. నూగుతో నిండిన ఈ కాళ్లు వలవలె నీటిని జల్లించి, సూక్ష్మజీవులను నోటికి చేరుస్తాయి. నీరు తీయగానే కాళ్లు లోపలికి పోతాయి, తలుపులు మూసుకుంటాయి. లోపల నిలువ ఉన్న తేమతో ప్రాణి తరువాతి పోటు వరకు కాలం గడుపుతుంది.

చాలా జాతులలో ఒకే ప్రాణిలో ఆడ, మగ అంగాలు రెండూ ఉంటాయి. కాని సాధారణంగా పక్కనున్న మరొక ప్రాణితోనే ఫలదీకరణం జరగవలె. కదలలేని ఈ ప్రాణి చాలా పొడవైన పురుషాంగాన్ని పొరుగు గుల్ల వరకు చాచి ఆ పని నెరవేర్చుకుంటుంది. కనుక గుంపునకు దూరంగా ఒంటరిగా పడిన బార్నకిల్‌కు సంతానం కలగడం కష్టం.

డింభకం స్థలం వెదుకుట

గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లను నాప్లియస్ అంటారు. రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాలను చూసినవారికి ఈ పేరు కొత్త కాదు; రొయ్య తొలి దశకూ ఇదే పేరు. బార్నకిల్ నాప్లియస్ ఆరు దశలు గడుపుతూ, ప్రవాహంతో కొట్టుకొనిపోతూ నీటిలో పెరుగుతుంది. తరువాత సిప్రిస్ అనే మరొక రూపం దాలుస్తుంది. సిప్రిస్ ఆహారం తీసుకోదు. నిలువ ఉన్న కొవ్వుతో బ్రతుకుతూ, ఆ శక్తి తీరిపోకముందే స్థిరపడే చోటును వెదకడమే దాని పని.

సిప్రిస్ తన స్పర్శశృంగాలతో రాతిమీద నడుస్తూ ఆ తలాన్ని పరీక్షిస్తుంది. నచ్చనిచో మరల నీటిలోకి ఈదిపోతుంది. నచ్చినచో తల క్రిందుగా అతుక్కొని, గట్టి జిగురును స్రవించి, గుల్ల కట్టడం ఆరంభిస్తుంది. ఆ తరువాత చోటు మార్చుకొనే అవకాశం లేదు. తన జాతి ప్రాణులు ఉన్నచోటనే, లేక అవి పూర్వం ఉన్న గుర్తులున్న చోటనే ఇవి ఎక్కువగా స్థిరపడతాయని 1953లో నైట్-జోన్స్ ప్రయోగాలతో చూపాడు. ఇందులో లాభం స్పష్టమే. పెద్దలు బ్రతికి ఉన్న చోటు బ్రతకదగిన చోటు. పైగా పొరుగు లేనిదే సంతానం లేదు. ఐతే ఇదే అలవాటు వల్ల ఇరుకు కూడ ఏర్పడుతుంది.

రాతిమీద పట్టెలు

విశాఖ తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీస్తుంది. పున్నమి, అమావాస్యల ప్రాంతంలో పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు భేదం సుమారు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. అష్టమి రోజులలో ఇది చాలా తక్కువ. ఈ కొద్ది ఎత్తులోనే పరిస్థితులు ఎంతో మారిపోతాయి. రాతి అడుగు భాగం దాదాపు ఎల్లప్పుడూ నీటిలో ఉంటుంది. పై భాగానికి అల తుంపరలు తప్ప నీరు అందని రోజులు కూడ ఉంటాయి. వేసవి ఎండలో ఆ రాయి చేయి పెట్టలేనంతగా కాలుతుంది.

ఇందువల్ల రాతి తీరాన జీవులు కలగాపులగంగా ఉండక, అడ్డపట్టెలుగా అమరి ఉంటాయి. సాధారణంగా అన్నిటికంటె పైన చిన్న నత్తలు, వాటి క్రింద థామలస్ ప్రజాతికి చెందిన చిన్న బార్నకిళ్లు, ఇంకా క్రింద టెట్రాక్లిటా వంటి పెద్ద బార్నకిళ్లు, ఆలుచిప్పలు, ఆ క్రింద సముద్రపు నాచు మొక్కలు కనిపిస్తాయి. పట్టెను చూడడం సులభమే. అది ఆ ఎత్తుననే ఎందుకు మొదలై, ఎందుకు ముగిసినదో తెలుసుకొనడం సులభం కాదు.

ప్రాణి ఎక్కడ ఉన్నదో అదే దానికి ఇష్టమైన చోటని తేలికగా అనేస్తాము. థామలస్ పైన ఉన్నది కనుక దానికి ఎండ ఇష్టమని, లేదా నీటిలో ఎక్కువసేపు ఉంటే అది బ్రతకదని చెప్పవచ్చు. ఈ మాట నిజమా, కాదా అన్నది ప్రయోగం చేసి చూడవలసిన విషయం.

కానెల్ ప్రయోగం

అటువంటి ప్రయోగాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ కానెల్ 1950 దశకంలో స్కాట్లండులోని కంబ్రే దీవిలో జరిపి, 1961లో ఫలితాలు ప్రకటించాడు. అక్కడి రాళ్లమీద పైన థామలస్, క్రింద బెలానస్ అనే రెండు రకాల బార్నకిళ్లు ఉండేవి. కానెల్ మొదట గమనించినది ఏమనగా, థామలస్ పిల్లలు క్రింది భాగంలో కూడ అతుక్కొంటున్నవి. కాని అక్కడ పెద్దవైనవి కానరావు. అనగా విత్తనం పడుతున్నది, పైరు నిలువడం లేదు.

కారణం తెలుసుకొనుటకు ఆయన థామలస్ అంటియున్న రాళ్లను పెకలించి క్రింది భాగానికి మార్చాడు. వాటిమీద బెలానస్ పిల్లలు కూడ వచ్చి చేరాయి. అప్పుడు ప్రతి రాతిని రెండు భాగాలుగా చేసి, ఒక సగంలో థామలస్‌ను తాకుతున్న బెలానస్‌ను తీసివేశాడు; రెండవ సగాన్ని అలాగే విడిచాడు. ఒక్కొక్క ప్రాణి స్థానాన్ని గాజు పలకమీద గుర్తించుకొని, మరల మరల వచ్చి లెక్క చూశాడు.

బెలానస్‌ను తొలగించిన సగంలో థామలస్ చక్కగా బ్రతికినది. ఎక్కువసేపు నీటిలో ఉండడం దానికి హాని చేయలేదు. విడిచిపెట్టిన సగంలో మాత్రం వేగంగా పెరిగే బెలానస్ దానిమీదికి ప్రాకి కప్పివేసినది, లేదా అడుగున దూరి పెకలించినది, లేదా పక్కల నుండి నొక్కి నలిపివేసినది. బెలానస్ అతి వేగంగా పెరిగే కాలంలోనే థామలస్ మరణాలు ఎక్కువగా ఉన్నవి. పై భాగంలో కథ వేరు. అక్కడి ఎండకు, ఆరుదలకు బెలానస్ తట్టుకోలేదు. కనుక ఆ చోటు థామలస్‌కు మిగిలినది.

బెలానస్ దిగువ ఎల్లను నత్తలు కొంతవరకు నిర్ణయిస్తున్నవి. అక్కడి మాంసాహారి నత్త బార్నకిల్ గుల్లను ఛేదించి తింటుంది. ఉక్కు తీగల పంజరాలతో నత్తలను అడ్డగించిన చోట బెలానస్ ఎక్కువ కాలం జీవించినది.

దీనినుండి ఒక ముఖ్య సూత్రం ఏర్పడినది. రాతి తీరపు ప్రాణి పై ఎల్లను తరచు ఎండ, వేడి, ఆరుదల వంటి భౌతిక కారణాలు నిర్ణయిస్తాయి. క్రింది ఎల్లను తరచు పొరుగు ప్రాణులు, శత్రువులు నిర్ణయిస్తాయి. థామలస్ పైన ఉండడానికి కారణం ఎండపై ఇష్టం కాదు. ఎండను ఓర్చుకొనే శక్తి దానికి ఉన్నది. క్రింద చోటు దక్కించుకొనే శక్తి లేదు.

నారుమడిలో, రాతిమీద

ఇరుకు వల్ల కలిగే ఫలితాలు మిరప రైతుకు తెలియనివి కావు. నారుమడిలో విత్తనం మరీ ఒత్తుగా చల్లితే నారు సన్నగా, పొడవుగా సాగుతుంది. నారుకుళ్లు తెగులు కూడ తొందరగా వ్యాపిస్తుంది. అందుకే విత్తనం పలుచగా చల్లి, తరువాత పొలంలో ఎడం పాటించి నాటుతారు. పత్తిలో ఒకే కుదురులో ఎక్కువ మొక్కలు మొలిస్తే బలహీనమైనవాటిని పీకివేస్తారు.

బార్నకిళ్లలో ఆ కలుపుతీత పని ప్రకృతి చేస్తుంది. విడిగా పెరిగిన బార్నకిల్ వెడల్పైన చిన్న గోపురంవలె ఉంటుంది. కిక్కిరిసిన చోట పక్కలకు విస్తరించే వీలులేక అదే జాతి సన్నని గొట్టాలుగా పైకి సాగుతుంది. అటువంటి గుంపులో చాలా ప్రాణులకు రాతిని పట్టుకొనే పునాది చిన్నది. బలమైన అలకు గుంపు మొత్తం ఊడిపోవచ్చు. ఊడిన చోట మరల ఖాళీ రాయి బయటపడుతుంది. అక్కడ కొత్త పిల్లలు అతుక్కుంటాయి.

ఐతే పోలికతో పాటు భేదాన్ని కూడ గమనించవలె. మిరప మొక్కలు వెలుతురు, నీరు, ఎరువుల కొరకు పోటీపడతాయి. బార్నకిళ్లకు ఆహారాన్ని నీరే తెచ్చి ఇస్తుంది. అవి ముఖ్యంగా పోటీపడేది రాతిమీద చోటు కొరకు.

విత్తనం కరువైనప్పుడు

కానెల్ చూపిన పోటీ అన్ని తీరాలలో ఒకే తీవ్రతతో ఉంటుందా? 1985లో గేన్స్, రఫ్‌గార్డెన్ అనే శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా తీరపు పరిశీలనలతో ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చారు. డింభకాలు విస్తారంగా వచ్చి చేరేచోట రాయి నిండిపోయి, ఇరుకు, శత్రువులు జనాభాను శాసిస్తాయి. డింభకాలు తక్కువగా వచ్చేచోట రాతిలో ఖాళీ మిగిలిపోతుంది. అక్కడ జనాభా ఎంత ఉండవలెనో సముద్రం తెచ్చే పిల్లల సంఖ్యే నిర్ణయిస్తుంది. కనుక ఒడ్డున రాతిని చూసినంత మాత్రాన చాలదు. పిల్లలు పెరిగే నీటిని కూడ అధ్యయనం చేయవలె.

బంగాళాఖాతంలో ఈ విషయం మరింత ముఖ్యం. వర్షకాలంలో గోదావరి, కృష్ణా మొదలైన నదుల మంచినీరు కలిసి తీరపు నీటిలో ఉప్పదనం తగ్గుతుంది. తీరం వెంబడి ప్రవాహం వర్షకాలానికి ముందు నెలలలో ఉత్తరంగాను, అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణంగాను సాగుతుంది. డింభకాలు ఈ ప్రవాహాల వెంటనే పోవలె. స్కాట్లండు బెలానస్ సంవత్సరానికి ఒకమారే సంతానాన్ని విడుస్తుంది. మన వెచ్చని నీటిలోని అనేక జాతులు ఏడాదిలో పలుమార్లు విడుస్తాయి. అందుచేత స్కాట్లండులో వచ్చిన ఫలితాన్ని విశాఖ రాళ్లకు యథాతథంగా అంటగట్టరాదు. రెండు చోట్లా ఒకే విధమైన పట్టెలు కనిపించవచ్చు. కారణాలు ఒకటేనా అన్నది ఇక్కడి రాళ్లమీద జరిపే ప్రయోగమే తేల్చవలె.

పడవలు, రంగులు, నత్తలు

మన రేవులలో, ఉప్పుటేరులలో సర్వసామాన్యమైన బార్నకిల్ గుల్లమీద ఊదా చారలు కలిగి ఉంటుంది. పాత గ్రంథాలలో దీని పేరు బెలానస్ ఆంఫిట్రైటి. 2004 నుండి ఆంఫిబెలానస్ ఆంఫిట్రైటి అంటున్నారు. ఉప్పదనంలోని హెచ్చుతగ్గులను ఇది బాగా ఓర్చుకుంటుంది.

పడవ అడుగున బార్నకిళ్లు పేరుకొంటే నీటిలో రాపిడి పెరుగుతుంది. అదే దూరానికి ఎక్కువ డీజిలు ఖర్చవుతుంది. గీకించి రంగు వేయించుటకు పడవను ఒడ్డుకు ఎక్కించవలె. ఆ రోజుల వేట పోతుంది. ఇసుక తీరంలో వేట కాగానే ఒడ్డుకు లాగి ఉంచే చిన్న పడవకు ఈ బెడద తక్కువ. నిజాంపట్నం వంటి రేవులో నీటిలోనే నిలిచే మరపడవకు ఎక్కువ. రాతిమీద బార్నకిల్ పై ఎల్లను నిర్ణయించే ఆరుదలయే ఇక్కడ చిన్న పడవను కాపాడుతున్నది.

ఈ బెడదను తొలగించుటకు ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో ట్రైబ్యూటైల్ టిన్ అనే విషపదార్థం కలిపిన రంగులను ప్రపంచమంతటా ఓడలకు వాడారు. బార్నకిళ్లు తగ్గినవి. కాని ఆ విషం నీటిలోకి దిగి, ఆడ నత్తలలో మగ అంగాలు మొలిపించి, గ్రుడ్లు పెట్టకుండా చేసినది. ఇంగ్లండు దక్షిణ తీరంలో కొన్నిచోట్ల నత్తలు నశించినవి. అవి కానెల్ పంజరాలలో అడ్డగించిన జాతి నత్తలే; బార్నకిళ్లకు సహజ శత్రువులు. శత్రువును చంపబోయి శత్రువు యొక్క శత్రువును పోగొట్టుకొనడం పత్తి పొలంలో విచ్చలవిడిగా మందులు చల్లినవారికి కూడ అనుభవమే. ఈ రంగులను నిషేధించిన అంతర్జాతీయ ఒడంబడిక 2008లో అమలులోకి వచ్చినది.

విద్యార్థులు చేయదగిన పరిశీలన

తీరానికి దగ్గరలోని పాఠశాలలవారు దీనిని స్వయంగా చూడవచ్చు. నాలుగు పెంకు ముక్కలను, లేక పలక రాళ్లను తాడుతో కట్టి, ఉప్పుటేరులోని గుంజకు రెండు ఎత్తులలో వేలాడదీయవలె. రెండు ఎల్లప్పుడూ నీటిలో ఉండవలె. రెండు పాటు సమయంలో బయటపడవలె. పడవవారి అనుమతి, ఉపాధ్యాయుని తోడు తప్పనిసరి. గుల్లల అంచులు పదునైనవి కనుక చేతికి గుడ్డ చుట్టుకొనవలె. వారానికి ఒకసారి ప్రతి పలకమీద పది సెంటీమీటర్ల చదరంలో ఎన్ని బార్నకిళ్లు ఉన్నవో, వాటి వెడల్పు ఎంతో వ్రాసుకొనవలె. ప్రతి ఎత్తులోను ఒక పలకమీద మాత్రం గుల్లల మధ్య ఎడం ఉండేటట్లు కొన్నిటిని తీసివేయవలె. రెండు మూడు నెలల లెక్కలను పటంగా గీస్తే ఎత్తు ప్రభావం, ఇరుకు ప్రభావం విడివిడిగా కనిపిస్తాయి.

సముద్రానికి దూరంగా ఉన్న గ్రామాల విద్యార్థులు రెండు చిన్న మిరప నారుమళ్లలో, ఒకదానిలో పలుచగా, మరొకదానిలో ఒత్తుగా విత్తి, మొక్కల సంఖ్య, ఎత్తు, కాండపు లావు కొలిచి ఇదే పాఠం నేర్చుకొనవచ్చు. రెండు పరిశీలనలలోను అనుసరించవలసిన పద్ధతి ఒక్కటే. ఒక్క కారణాన్ని మాత్రం మార్చి, తక్కినవన్నీ సమానంగా ఉంచి, ఫలితాన్ని లెక్కించవలె. ప్రాణి ఉన్న చోటును చూసి కారణాన్ని ఊహించవచ్చు. ఆ ఊహ నిజమో కాదో ప్రయోగమే చెప్పవలె.